గంప కింద పిండి

రోహిణి బొమ్మలు కొనుక్కున్నవాళ్ళు మొదట వాటిని హాల్లో తగిలిస్తారు. కొన్నాళ్ళకు పడగ్గదిలోకి మారుస్తారు. ఆ తర్వాత అవి మెట్ల కిందికి చేరతాయి. ఎందుకని అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. ఎల్బీనగర్‌లో ఒక పళ్ళ డాక్టరు మాత్రం మొహమాటం లేని మనిషి. కొన్న బొమ్మను పాత దుప్పట్లో చుట్టి తనే మోసుకొచ్చాడు.

"పెయింటింగ్ మంచిగున్నది మేడం. కాకపోతే పేషెంట్లు దానికి ఎదురుంగ కూసుంటలేరు. అది ఎవలకోసమో చూస్తున్నట్టు ఉందంటున్నరు" అన్నాడు.

భయపడడానికి అందులో ఏముందని? వేపచెట్టు బెరడు, అంతే. రోహిణి బొమ్మల్లో మనుషులు ఉండరు, దేవుళ్ళు ఉండరు. బెరడు మీది పగుళ్ళు, ఆకుల్లోని ఈనెలు, ఎండిన బురద నెర్రెలు, ఇవే ఆమె సరుకు. పల్చటి కాగితాన్ని చెట్టుకు ఆనించి పైన మైనపు క్రేయాన్ను అడ్డంగా రుద్దుతుంది. బెరడు మీది గీతలన్నీ కాగితం మీదికి లేచి వస్తాయి. వాటిని గదికి తెచ్చి పెద్ద కాన్వాసు మీద రంగుల్లో పెంచుతుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ లేచిపోక ముందు అక్కడున్న చెట్లను, చెరువు గట్టు మీది తుమ్మలను, రైతు బజార్లో తోటకూరను కూడా వదల్లేదు. ఆకుకూరలమ్మే ఆడవాళ్ళు ఆమెను చూడగానే, "కొనేతందుకు వచ్చినవా, చూసేతందుకు వచ్చినవా?" అని ఆట పట్టించేవాళ్ళు.

ఆమెది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తు మీద ఒక కిరాయి గది. సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ చెబుతుంది. పొద్దున బొమ్మలు వేసుకుంటుంది. పెళ్ళి గురించి అడిగేవాళ్ళు అడిగి అడిగి విసుగొచ్చి మానేశారు. ఆమె పిచ్చిని పిచ్చి అనని మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉండేవాడు. తమ్ముడు రాకేష్. ఎక్కడికి పోయినా చొక్కా జేబులో ఏదో ఒక ఆకు పెట్టుకుని వచ్చేవాడు. ఉతికేటప్పుడు జేబులో పొడిపొడిగా బయటపడితే తల్లి ఆండాలు ఇద్దరినీ కలిపి తిట్టేది.

నాలుగేళ్ళ కింద రాకేష్ స్నేహితులతో కలిసి బాపట్ల వైపు సముద్రానికి పోయాడు. రోహిణి సముద్రాన్ని చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. "అల పోయినంక ఇసుక మీద గీతలు పడతయంట. కనబడితే ఫోటోలు తియ్యిరా" అని ఆమే చెప్పింది. స్నేహితులు లేవక ముందే, తెల్లవారుతుండగా, రాకేష్ ఒక్కడే ఒడ్డుకు నడిచాడు. ఆమె ఫోన్‌కు వరసగా ఫోటోలు వచ్చాయి. ఇసుక మీద అలలు వదిలిన మడతలు. పీత బొరియ చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు, బొరియ నుంచి నీళ్ళ దాకా దాని కాళ్ళ గుర్తులు. చివరగా, తడి ఇసుకలో కొమ్మలు కొమ్మలుగా చీలిన ఒక గీత. దాని కింద రాశాడు: "అక్కా, గిది అచ్చం చెట్టే. వేర్లు సుత ఉన్నయి చూడు."

ఆ తర్వాత ఏమీ రాలేదు. చెప్పులూ వాటి మీద ఫోనూ ఒడ్డున దొరికాయి. మనిషి దొరకలేదు. పడవల వాళ్ళు వెతికారు, పోలీసులు వెతికారు, తండ్రి పాండురంగం అక్కడే గది తీసుకుని కూర్చున్నాడు. చివరికి ఎవరో రెక్క పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఆయనది సిమెంటు, ఇసుక, కంకర వ్యాపారం. వచ్చాక ఇసుక బేరం మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అక్క కోసం ఫోటోలు తియ్యడానికి పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట రోహిణి ముందు అనలేదు. అంటే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

పోలీసుల కాగితాల మీద రాకేష్ ఎప్పుడో చనిపోయాడు. ఇంట్లో మాత్రం చనిపోలేదు. దానికి కారణం పిడికెడు బియ్యప్పిండి.

వాళ్ళ వైపు ఒక ఆచారం ఉంది. మనిషి పోయిన చోట నేల అలికి, జల్లించిన పిండి పల్చగా పరిచి, పక్కన దీపం పెట్టి, పైన గంప బోర్లిస్తారు. గంప ఎత్తినప్పుడు పిండి మీద ఏదో ఒక జాడ ఉంటుంది. పిట్ట కాలు పడితే పిట్ట పుట్టుక ఎత్తాడని, పసిపాదం పడితే ఎక్కడో మనిషి కడుపున పడ్డాడని చెప్పుకుంటారు. ఏది పడినా, పోయినవాడికి ఒక దారి దొరికిందని ఉన్నవాళ్ళు నిమ్మళపడతారు. రాకేష్ పోయిన చోట సముద్రం. నీళ్ళ మీద పిండి చల్లలేరు కదా. అందుకని ఎల్బీనగర్ ఇంట్లో, అతని గదిలోనే చల్లారు. పాండురంగానికి వరసకు అన్న అయ్యే మట్టయ్య నాదర్‌గుల్ నుంచి వచ్చి గంప ఎత్తాడు. పిండి పరిచినట్టే ఉంది. చీమ కూడా నడవలేదు.

"ఎటూ పోలే నా కొడుకు. పోతే చెప్పి పోడా?" అంది ఆండాలు.

దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయిద్దామని పాండురంగం ఒకసారి అన్నాడు. ఆండాలు రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రాకేష్ గదిలో దుప్పటి వారం వారం మారుతుంది. ఫోన్ చార్జింగ్‌కు పెట్టే ఉంటుంది. రాకేష్ భార్య పల్లవి కాళ్ళకు మెట్టెలతో, నుదుట బొట్టుతో, ముఖాన నవ్వు మాత్రం లేకుండా అత్తగారింట్లోనే ఉంది. పెళ్ళయిన ఏడాదికే ఆమెకు ఈ గతి పట్టింది. పొద్దున లేచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు పోయి అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చుంటుంది, సాయంత్రం మెట్రోలో తిరిగి వస్తుంది. ఎవరైనా "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగితే ఏం చెప్పాలో ఆ పిల్లకు తెలియదు.

ఇక రోహిణి సంగతి. ఆ ఇసుక చెట్టు ఆమె చేతిలో దిగబడిపోయింది.

టేకు ఆకు మొదలుపెడుతుంది. సగం దాకా టేకు ఆకే. అక్కడి నుంచి ఈనెలు దారి మళ్ళి, చీలి, మళ్ళీ చీలి, ఆ ఫోటోలో గీత అయిపోతాయి. వేప బెరడు వేస్తే పగుళ్ళ అడుగున అదే గీత. వద్దు అని కుడికి లాగిన కుంచె ఎడమకు పోయేది. మూడో అంతస్తులో, కింద మిర్చి బజ్జీల బండి పొగ పైకి వస్తుండగా, ఉప్పు తడి వాసన ఒకటి గదిలో నిలబడేది. సముద్రం ఎరగని మనిషికి అది సముద్రం వాసనేనని ఎట్లా తెలిసిందో ఆమెకే తెలియాలి. వెనక ఎవరో నిలబడి బొమ్మ చూస్తున్నట్టు ఉండేది. ఆమె తిరిగి చూసేది కాదు. భయం కాదు. తిరిగితే వాడు ఉండడని.

వారానికోసారి ఆండాలు మెట్రో ఎక్కి వచ్చేది. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, కొత్త బొమ్మ వైపు చూసేది. కోడి గింజలు ఏరుతున్నట్టు గీత గీతా వెతికేది.

"ఈసారి ఏమన్న చెప్పిండా?" అని అడిగేది.

"ఏం చెప్పలే అమ్మా."

"నీ చేతికి గింత దగ్గర దాక వచ్చి, నోరు తెరవకుంట ఎట్ల పోతడే" అని లేచి పోయేది. ఆమె పోయాక రోహిణి ఆ బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టేసేది.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం గది తలుపు కొట్టి ఒకతను వచ్చాడు. పేరు మురళీకృష్ణ. పల్లవి పని చేసే కోచింగ్ సెంటర్‌లోనే లెక్కలు చెబుతాడు. సొంతూరు చీరాల దగ్గర పల్లె. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నన్ను విజయవాడ బ్రాంచికి వేశారండీ. వచ్చే నెల వెళ్ళిపోవాలి. పల్లవి నాతో రావాలనుకుంటోంది. మా అమ్మకు కూడా చెప్పాను, ఒప్పుకుంది. కానీ మీ అమ్మగారు వెళ్ళమంటే తప్ప ఆ గడప దాటనంటోంది" అన్నాడు.

రోహిణికి ఆశ్చర్యమేమీ కలగలేదు. మరదలి ముఖంలో ఈమధ్య వచ్చిన వెలుగును ఆమె చూస్తూనే ఉంది. ఇంటి మెట్లెక్కేటప్పుడు ఆ పిల్ల ఆ వెలుగును ఆర్పేసుకోవడం కూడా చూసింది.

"ఆమె రానంటే కోపమొస్తదా?" అని అడిగింది.

"కోపమేముంటుందండీ. ఆవిడకు రావాలనుంది, రాలేకపోతోంది. అది చూళ్ళేకపోతున్నాను."

మాట అయిపోయి మొహమాటపడి, ఎటు చూడాలో తెలియక ఎదురుగా ఆరుతున్న బొమ్మ వైపు చూశాడు. "ఆటుకు నీళ్ళు వెనక్కి పోయాక మిగిలే ఇసుక కదండీ ఇది?" అన్నాడు.

నాలుగేళ్ళలో ఆ బొమ్మలను చూసినవాళ్ళంతా చెట్టు అన్నారు, వేర్లు అన్నారు, నరాలు అన్నారు. ఇసుక అన్న మొదటి మనిషి ఇతనే.

"మీకెట్ల తెలుసు?"

"చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. పోటుకు నీళ్ళు పైకొచ్చేటప్పుడు ఈ గీత పడదండీ. నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయేటప్పుడే పడుతుంది. ఇసుకలో ఇంకిన నీళ్ళు కూడా దారులు చేసుకుంటూ దిగిపోతాయి, ఇదుగో ఇట్లా కొమ్మల్లాగా."

అతను వెళ్ళిపోయాక రోహిణి గోడ వైపు తిప్పి పెట్టిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే ఇటు తిప్పింది. ఇన్నాళ్ళూ పెరుగుతున్న చెట్టు అనుకుంది. తమ్ముడు ఏదో చెప్పడానికి వస్తున్నాడనుకుంది. వాడు వస్తున్నట్టు కాదు, పోతున్నట్టు గీయించాడు. పోతా అక్కా, పోతా అక్కా అని ప్రతి కాన్వాసు మీదా చెబుతుంటే, అమ్మా తానూ కలిసి వాణ్ణి చొక్కా పట్టుకుని ఆపుతున్నారు. ఆమె నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఎల్బీనగర్ వెళ్ళింది. పల్లవి వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. మురళీకృష్ణ వచ్చాడని చెబితే కత్తి ఆగింది.

"అత్తమ్మను దాటి నేను పోలేను వదినె. నా నోటితోని ఆమెకు చెప్పలేను. ఆమె నోటితోని పో బిడ్డా అంటే పోత. అనకపోతే గిట్లనే ఉంట" అంది. ఉల్లిగడ్డల వంకతో కళ్ళు తుడుచుకుంది.

రోహిణి తల్లి దగ్గరికి పోయి కూర్చుంది. మురళీకృష్ణ సంగతి దాచకుండా చెప్పింది. ఆండాలు అరవలేదు, తిట్టలేదు. ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది.

"మళ్ళొక్కసారి పిండి పోద్దామమ్మా" అంది రోహిణి.

"మళ్ళ ఏం పడకపోతే?"

"పడకపోతే నేను గీ ముచ్చట మళ్ళెన్నడు ఎత్త. పల్లవికి గూడ నేనే చెప్పుకుంట."

ఆండాలు చిక్కుడుకాయల గిన్నె పక్కకు పెట్టింది. "పడితే, నా చేతులతోని నేనే పంపుత. నీ తమ్ముడే లేనంక ఆ పిల్లను నేను కట్టేసుకుని ఏం చేసుకోవాలె" అంది. గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "అయితే వాడు చెప్పాలె. వాడు చెప్పకుంట నేను చెప్ప" అంది.

మట్టయ్యకు కబురు పోయింది. కర్మకాండల్లో ఆయన మాటే ఆ చుట్టుపక్కల చట్టం. రెండోసారి పొయ్యకూడదని ఎక్కడా లేదన్నాడు. పొద్దున పోసి దీపాల వేళ ఎత్తుదామన్నాడు.

ఆదివారం పొద్దున ఆండాలు స్వయంగా గది అలికింది. టైల్స్ నేల మీద పేడ నిలవక జారుతుంటే మట్టి కలిపి మరీ అలికింది. మట్టయ్య పిండి జల్లించి, అరచేత్తో సాపు చేసి, దీపం వెలిగించి, గంప బోర్లించాడు. తలుపు దగ్గరికి వేసి, ఎవరూ పోవద్దని చెప్పి, పాండురంగంతో కలిసి ముందు రేకుల కింద కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరు ముసలాళ్ళూ పాత పొలాల హద్దుల గురించి మొదలుపెట్టారు. మెట్రో స్తంభం ఏ మడిలో పడిందనే దాని మీద ఎప్పటిలాగే తేడా వచ్చింది.

రోహిణి సంచిలో సన్న కుంచె ఉంది. దాన్ని తెచ్చుకున్నప్పుడే ఆమెకు తెలుసు తనేం చేయబోతోందో.

తప్పు చేస్తున్నానని ఆమెకు లేకపోలేదు. కానీ మొదటిసారి పడని గుర్తు రెండోసారి పడుతుందన్న నమ్మకం కూడా లేదు. పిండి మళ్ళీ ఖాళీగా ఉంటే పల్లవి బతుకంతా ఆ ఖాళీలోనే పోతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ముందు రేకుల కింద ముసలాళ్ళు కునుకు తీస్తున్నారు. పల్లవి మేడ మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ఆండాలు హాల్లో చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. రోహిణి చప్పుడు కాకుండా తలుపు తోసింది.

గది చల్లగా ఉంది. బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల చలి. ఉప్పు తడి వాసన దిల్‌సుఖ్‌నగర్ గదిలోకన్నా చిక్కగా ఉంది. ఉతికిన దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఆమె గంప ఎత్తింది. పిండి తెల్లగా, సాపుగా, అంటకుండా ఉంది. మోకాళ్ళ మీద వంగి కుంచె ఆనించింది. ఇన్నాళ్ళూ లేనంత మెత్తగా చెయ్యి కదిలింది. అప్పుడే బల్ల మీద రాకేష్ ఫోన్ దానంతట అదే వెలిగింది. చూస్తే ఏదో ఆఫర్ మెసేజ్. వెలుగు ఆరిపోయేదాకా కదలకుండా ఉండి, మళ్ళీ గీసింది.

ఆమె గీసింది పీత కాళ్ళు. తమ్ముడి ఫోటోలో బొరియ నుంచి నీళ్ళ వైపు పోయిన ఆ జాడ ఆమెకు కళ్ళు మూసుకున్నా వచ్చు. పిట్ట కాలు ఎవరైనా గీస్తారు. సముద్రంలో పోయినవాడికి సముద్రం గుర్తే పడాలని అనుకుంది. జాడను గంప అంచు నుంచి గడప వైపు నడిపించింది. కాళ్ళ మధ్య దూరం, గుచ్చుకున్న లోతు, ఎక్కడా తప్పు లేదు. పని బాగా కుదిరిందని ఆ దుఃఖంలో కూడా ఒక్క క్షణం సంతోషపడింది. ఏం చేస్తాం, బొమ్మలు వేసేవాళ్ళ బుద్ధి అట్లాగే ఉంటుంది.

గంప బోర్లించి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. ఆండాలు గోడ వైపు తిరిగే పడుకుని ఉంది.

దీపాల వేళ అందరూ గదిలో చేరారు. పల్లవి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె వేళ్ళు చీర చెంగును మెలిపెడుతూనే ఉన్నాయి. పాండురంగం గోడకు ఆనుకున్నాడు. మట్టయ్య దండం పెట్టుకుని గంప ఎత్తాడు.

పిండి మీద పీత కాళ్ళు లేవు.

రెండు పసిపాదాలు ఉన్నాయి. బొటనవేలంత మడమలు, శనగ గింజల్లాంటి వేళ్ళు. ఒకటి వెనక, ఒకటి ముందు, అడుగు తీసి అడుగు వేసినట్టు గడప వైపు ఉన్నాయి. చుట్టూ పిండి సాపుగా ఉంది. రోహిణి గీసిన గీత ఒక్కటి కూడా లేదు.

ఆమె తలుపు పట్టుకుంది. వాడే. ఇంకెవరు? నా గీతలన్నీ చెరిపి నడిచి పోయాడు, అనుకుంది. వెనక ఎవరో నిలబడినట్టు ఎప్పుడూ ఉండే ఆ బరువు ఒక్కసారిగా వీపు మీది నుంచి దిగిపోయింది. దిగిపోతే హాయిగా ఉంటుందనుకుంది. అట్లా లేదు. చలికాలంలో దుప్పటి లాగేసినట్టు ఉంది.

"మనిషి పుట్టుక" అన్నాడు మట్టయ్య. "ఎక్కడనో తల్లి కడుపుల పడ్డడు తమ్మీ. ఇంక మీరు ఏడవద్దు." ఏడవద్దన్న మనిషే కండువాతో ముఖం కప్పుకున్నాడు. పాండురంగం గోడ వెంబడి జారి కూర్చుని, నాలుగేళ్ళలో మొదటిసారి కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు.

ఆండాలు ఏడవలేదు. పల్లవి దగ్గరికి పోయి ఆమెను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. తను నేల మీద కూర్చుని, కోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, మెట్టెలు ఒక్కొక్కటే తీసింది. బిగిసిపోయి రాకపోతే కొబ్బరినూనె రాసి తీసింది. పల్లవి వద్దత్తమ్మా, వద్దత్తమ్మా అంటూనే ఉంది.

"బొట్టు తియ్యకు. గాజులు తియ్యకు. గట్లనే పో. ఆ పిలగానికి నేను చెప్పిన అని చెప్పు. నీ గడప గిది గాదు బిడ్డా ఇంక, పో" అంది ఆండాలు.

పల్లవి అత్తగారి భుజం మీద పడి ఏడ్చిన ఏడుపుకు పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూశారు.

తర్వాత ఆండాలు వంటింట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటుంటే రోహిణి వెనకే వెళ్ళింది. తల్లి కుడిచెయ్యి పక్కగా, చిటికెన వేలు కింద, అరచేతి మడతల్లో తెల్లగా ఉంది. నీళ్ళు పడి ఆ తెలుపు పిండిగా కరిగి కారింది. రోహిణి ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది. కృష్ణాష్టమికి గడపలో చిన్న పాదాలు వేసేది ఆ పక్కతోనే కదా. పిడికిలి బిగించి పక్కగా అద్దితే పసిపాదం, పైన వేలి కొసలు గుచ్చితే వేళ్ళు.

"నువ్వేనా అమ్మా?"

ఆండాలు కుళాయి కట్టేసింది. హాల్లోకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"నువ్వు పోయి వచ్చినంక నేను పోయిన. ఎత్తి చూస్తే ఎండ్రకాయ కాళ్ళు, చెరిపేసిన. ఏం దొరకనట్టు ఎండ్రకాయనా? నా కొడుకు ఎండ్రకాయ అయితడానే? గీ బురదల, గా బొక్కల పడి బతకాల్నా వాడు?"

రోహిణి జాడ ఎంత సరిగ్గా ఉందో చూసుకుంది గాని, అది ఎవరి కొడుకుదో చూసుకోలేదు.

"వాడు లేడని నాకెరుక లేదనుకున్నవా?" అంది ఆండాలు. "మొదటి రోజే ఎరుక. పిండి మీద ఏం పడలే చూడు, ఆ రోజే. ఎరుక ఉన్నదని ఒప్పుకుంటె వాడు పోతడు గద. అందుకే ఒప్పుకోలే. ఆ పిల్లను చూసి ఒప్పుకోవాల్సొచ్చింది." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ కారనివ్వలేదు. "నువ్వు గూడ మంచి పనే చేసినవు లే. ఒంటి పాదం చూస్తే మీ పెద్దనాయినకు అనుమానమొస్తుండె. పక్కన రెండోది వేసి నిలబెట్టినవు."

"రెండోదా?"

"నేను ఒక్కటే వేసిన. ఇంకోటి వేద్దామంటే చెయ్యి వణికింది, కాలే. గంప వేసి వచ్చిన."

"నేను మళ్ళ గదిలకు పోలేదు అమ్మా" అంది రోహిణి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వంటింటి కిటికీలోంచి హాలు కనిపిస్తోంది. పల్లవి కుర్చీలోనే కూర్చుని ఉంది. బోసిపోయిన కాలి వేళ్ళను వంగి చూసుకుంటోంది. రెండు చేతులూ ఒళ్ళో కొంగు కింద ఉన్నాయి.

లోపలికి పోయి ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. మధ్యాహ్నం మెట్ల మీది నుంచి లేచావా, గదిలోకి పోయావా అని. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. అవునంటే ఆ పాదం పల్లవిది అయిపోతుంది. ఆ గదిలో రాకేష్‌ది అంటూ ఇక ఏమీ మిగలదు. అడగకపోతే, ఒక్క పాదం, పిడికెడంత పాదం, వాడిదే కావచ్చు.

రోహిణి అడుగు ముందుకు వేసింది. ఆండాలు తడి చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"అన్నం పెట్టు బిడ్డా" అంది. "పిల్ల తిని పోతది."